మా గుంటని మాకిచ్చీండి

రాజ్యం ఆ రోజు పలికింది నాలుగే మాటలు. ఆ నాలుగు మాటలకి దాన్ని కంకర మీద మోకాళ్ళేయించారు. నేను చూస్తూ నిలబడ్డాను.

1999 ఫిబ్రవరి మొదటి వారం. చోడవరం షుగర్ ఫ్యాక్టరీలో క్రషింగ్ జోరుగా ఉంది. చీడికాడ రోడ్డు పొడవునా చెరుకు బళ్ళు బారులు తీరి ఉన్నాయి. నేను స్కూలు నుంచి నడిచి వస్తున్నాను. మౌనజ్యోతి మిషన్ వారి తెల్ల వ్యాను ఆ బళ్ళ మధ్య ఇరుక్కుపోయింది. ఎలాగూ ఆగింది కదా అని అందులోంచి తెల్లచీరల ఆడపిల్లలు దిగి బళ్ళవాళ్ళకి కరపత్రాలు పంచుతున్నారు. వాళ్ళని మౌనకన్యలంటారు. పన్నెండేళ్ళు నోరు విప్పకూడదు.

నా చేతిలో కరపత్రం పెట్టిన చెయ్యి నాకు తెలుసు. ఎడమ చూపుడువేలి మీద కొడవలి గాటు. తలెత్తి చూస్తే రాజ్యం. జుట్టు కత్తిరించేశారు. కళ్ళు లోపలికి పోయాయి.

"ఒసే ఇందూ, మాయమ్మ ఎలాగుందే?"

నేను నోరు తెరిచేలోపే, వ్యాను మెట్టు మీద నిలబడి మౌనకన్యల మీద పెత్తనం చేసే మాతాజీ వేలు ఆడించింది. రాజ్యం వెళ్ళింది. మాతాజీ వేలితో కిందకి చూపించింది. రోడ్డు వెడల్పు చెయ్యడానికి పోసిన కంకర అది. రాజ్యం దాని మీద మోకరిల్లింది. వ్యానుకి దారి దొరకడానికి అరగంట పట్టింది. ఆ అరగంటా అలాగే ఉంది.

బళ్ళవాళ్ళు తలపాగాలు తీసి దండాలు పెట్టారు. "ఎంత నిష్ఠో సూడండి బాబూ, రాళ్ళమీద తపస్సు సేస్తంది గుంట!" అన్నాడొకాయన.

అది తపస్సు కాదని, శిక్ష అని అక్కడ నాకొక్కదానికే తెలుసు. నా నోరు పెగల్లేదు. 'బాగుందే' అన్న ఒక్క ముక్క కూడా అనలేదు. రాజ్యం లేచినప్పుడు తెల్లచీర మీద రెండు ఎర్రమచ్చలు. కరపత్రం మీద 'మౌనమే మోక్షం' అని ఉంది.

ఆ సాయంత్రం డైరీలో ఆ నాలుగు మాటలూ రాసుకున్నాను. కింద ఏం రాయాలో తెలియలేదు.

రాజ్యం, నేను ఎనిమిదో తరగతి దాకా ఒకే బెంచీ. హాజరు పిలిచేటప్పుడు నా 'ప్రెజెంట్ సార్' మాస్టారికి వినపడేది కాదు. నా బదులు కూడా రాజ్యమే గట్టిగా అరిచేది. అలాంటి దాని నోరు మూయించారు.

మిషన్ వాళ్ళు మా ఊరికి పైన, కొండవాలులో గోడ కట్టి మూడేళ్ళయింది. కట్టిన ఏడాదికి చెరుకు కొట్టే కూలీల ఇళ్ళ వరుసకొచ్చారు. మీ ఆడపిల్లల్ని ఇంగ్లీషు మీడియం చదివిస్తాం, తిండీ బట్టా మావే అన్నారు. రాజ్యం నాన్న తాతబ్బాయి మావ ఏదో కాగితం మీద వేలిముద్ర వేశాడు. చదవడం రాదు, చదివి వినిపించమని అడగడమూ తోచలేదు. స్కూలు కాగితం అనుకున్నాడు. అందులో ఉన్నది పన్నెండేళ్ళ సేవ, పన్నెండేళ్ళ మౌనం. అలా చుట్టుపక్కల ఊళ్ళ నుంచి పధ్నాలుగు మంది లోపలికెళ్ళారు. పధ్నాలుగు మందీ కూలీల పిల్లలే. పొలాలున్న రైతుల ఇళ్ళ నుంచి ఒక్కరూ లేరు. అంత గొప్ప మోక్షం ముందుగా కూలోళ్ళ పిల్లలకే ఎందుకొచ్చిందో మా ఊళ్ళో ఎవరూ అడగలేదు.

రాజ్యం తల్లి అప్పయమ్మత్త ప్రతి ఆదివారం ఆ గేటు దాకా వెళ్ళేది. 'మౌనంలో ఉంది, చూడకూడదు' అనేవారు. పోలీసు స్టేషన్‌కి వెళితే, "తండ్రే వేలిముద్రేసేడు గదా. ఏటి, దేవుడి మీద కంప్లైంటు రాయమంటావా?" అని నవ్వారు. ఇప్పుడింకో కబురు తెలిసింది. పదహారు నిండిన పిల్లల్ని ఉగాదికి ఉత్తరాదిలో ఉన్న మూల ఆశ్రమానికి తీసుకెళ్ళిపోతారట. అక్కడికి వెళ్ళినవాళ్ళు తిరిగి రావడమన్నది లేదు. రాజ్యానికి పదహారు నిండాయి.

ఆ వారంలోనే మా కిషోర్ అన్నియ్య రేషన్ కార్డు పని మీద వచ్చాడు. మా పెదనాన్న కొడుకు. వాళ్ళు గోపాలపట్నంలో స్థిరపడ్డారు. అన్నియ్య విశాఖలో ఇంటర్నెట్ సెంటర్లో పనిచేస్తాడు. నాకు నోటితో చెప్పడం రాక డైరీ తెరిచి ఆ పేజీ చేతికిచ్చాను.

చదివి డైరీ మూసి నా చేతికిచ్చాడు. "ఈ మిషన్ మీద మా సెంటర్లో ఒక ఈమెయిల్ గ్రూపు సూసేనే ఇందూ. అందులోంచి బయటపడ్డోల్లు పెట్టుకున్నారు. హైదరాబాదు, బెంగుళూరు, ఫారిన్‌లో కూడా ఉన్నారు. రెండొందల మంది. మనూరి ముక్క ఆల్లకి తెలీదు. రాయించు."

అప్పయమ్మత్త అరుగు మీద కూర్చుని అడిగింది. "ఆ పెట్టెలో ఏస్తే ఎవులు సదుంతారు బాబూ?"

"లోకమంతా సదుంతది అత్తా."

"లోకానికి మనం ఎరికేనేటి?"

అన్నియ్య కాగితం, పెన్ను నా ముందుకి తోశాడు. అత్త చెప్పింది, నేను రాశాను. చెప్పింది చెప్పినట్టు రాశాను.

'అయ్యలారా, అమ్మలారా. మా గుంటని మిషనోల్లు లోపల కలిపీసుకున్నారు. సుట్టూ గోడ కట్టీసేరు. కాలెట్టనివ్వరు, కళ్ళతో సూడనివ్వరు. దానికోసం నా రెక్కలిరగ్గొట్టుకున్నాను. ఉగాది దాటితే మరి మాకు దక్కదంట. మా గుంటని మాకిచ్చీండి.'

ఒక్కచోట మాత్రం ఆగాను. "అత్తా, 'అమ్మాయి' అని రాయమంటావా?" అని అడిగాను.

"అమ్మాయేటి? అది పెద్దింటోల్ల మాట. నా కడుపున పుట్టింది గుంట. గుంటనే రాయి."

అలాగే రాశాను. అన్నియ్య కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళాడు. ఆ కంప్యూటర్లో తెలుగక్షరాలు లేవు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టి పంపాడు.

నాలుగో రోజుకి జవాబులు మొదలయ్యాయి. అన్నియ్య వాటిని ప్రింటు తీసి చోడవరం బస్సులో పంపేవాడు. రెండంచులా చిల్లులున్న పొడుగాటి కాగితాలు. కండక్టరు పెదబాబు వాటిని బస్టాండులో నా చేతికిస్తూ, "ఇదిగోనమ్మా నీ ఈమెయిలు. టైర్ పంచరైంది, అందుకే లేటు" అనేవాడు.

మధ్యాహ్నం కూలీలు క్యారేజీలు విప్పే వేళకి చెరుకు తోటలోకి వెళ్ళేదాన్ని. అంతమందిలో చదవడానికి నాకు గొంతు వచ్చేది కాదు. అత్త చెవిలో చదివేదాన్ని. అత్త అది అందరికీ గట్టిగా చెప్పేది.

"ఇనండర్రా! హైదరాబాదులో చంద్రమోహన్ అని ఒకాయన. ఏడేళ్ళు మిషన్లో ఉండి బైటికొచ్చినోడంట. ఈ ఇరవై నాలుగు తారీకున పన్నెండు ఊళ్ళలో మిషన్ గేట్ల ముందు ఒకేపాలి కూకుంటారంట. మనకోసమే!"

"మన మొకాలు సూడకుండానే?" అన్నాడు బంగార్రాజు మేస్త్రీ. చెరుకు కొట్టే ముఠాకి ఆయనే పెద్ద.

"సూడకుండానే."

"ఊళ్ళో ఎదురింటోడు రాడుగానీ ఇంటర్నెట్టోడు వస్తన్నాడు. బాగుంది గాని, మనం ఎల్లకపోతే సిగ్గుపోద్ది."

ఆ మాట అందరికీ గుచ్చుకుంది. ఇరవై నాలుగున ముఠా పని మానేసి డెబ్భై మందిమి కొండవాలుకి బయల్దేరాం. నేను స్కూలు ఎగ్గొట్టాను.

గేటు దగ్గర మాకంటే ముందు ఒక జీపు ఉంది. ఎమ్మార్వో, సర్వేయరు, బంట్రోతు చేతిలో కొలత గొలుసు. మిషన్ మేనేజరు వాళ్ళకి కొబ్బరినీళ్ళు ఇస్తున్నాడు.

"తాతబ్బాయంటే ఎవరు?" అన్నాడు ఎమ్మార్వో కాగితం చూస్తూ.

"నానే బాబూ."

"నీ గుంట ఎక్కడుంది?"

"లోపలే బాబూ."

"లోపల ఏ మూల?"

"తెల్దు బాబూ. సూసి రెండేళ్ళవతంది."

"సర్వే నంబరెంత?"

అత్త ముందుకొచ్చింది. "నంబరేటి బాబూ? అదేం ఖైదీయేటి నంబరెయ్యడానికి?"

ఎమ్మార్వోకి చిరాకొచ్చింది. "హద్దులైనా చెప్పండమ్మా. తూర్పున ఏముంది? పడమర ఏముంది?"

తాతబ్బాయి మావ నిజంగానే ఆలోచించాడు. "తూరుపునా... పడుకున్నప్పుడు తల తూరుపుకే ఎడతాది బాబూ."

సర్వేయరు ఫక్కున నవ్వాడు. ఎమ్మార్వో నవ్వలేదు. "హైదరాబాదు నుంచి కలెక్టరుగారికి అర్జీ వచ్చింది. మిషన్ వాళ్ళు కూలీల నేల ఒక గుంట కలిపేసుకున్నారని. అక్కడి లెక్కలో గుంటంటే రెండున్నర సెంట్లు. దానికోసం పన్నెండు ఊళ్ళలో ధర్నాలట!"

మేనేజరు నవ్వుతూ పట్టాలు చూపించాడు. అన్నీ సక్రమంగా ఉన్నాయి. జీపు బానెట్ మీదే విచారణ ముగిసింది. "నేల కాదు బాబూ, మా కూతురు" అని అత్త జీపు వెనకాల కొంతదూరం పరిగెత్తింది. "అది నా పని కాదమ్మా, పోలీసులకి చెప్పుకో" అని జీపులోంచి వినపడింది.

బంగార్రాజు కండువా దులిపి నెత్తికి చుట్టుకున్నాడు. "రెండున్నర సెంట్లకి పన్నెండు ఊళ్ళు లేచేయేట్రా! మడిసికి ఒక్క ఊరు లెగలేదు."

నేను ఆ ఎండలో నిలబడి నా చేతివేళ్ళ వైపు చూసుకున్నాను. 'అమ్మాయి' అని రాసి ఉంటే? కానీ అత్త మాట తప్పెలా అవుతుంది? మాకు గుంటంటే ఆడపిల్ల. వాళ్ళకి గుంటంటే నేల. ఎవరూ అబద్ధం చెప్పలేదు. అందరూ మా మంచే కోరారు. రాజ్యం మాత్రం లోపలే ఉంది.

మర్నాడు ఎస్టీడీ బూత్ నుంచి అన్నియ్యకి జరిగింది చెప్పాను. ఆ తర్వాత బస్సులో వచ్చిన కట్ట ముప్ఫై పేజీలు. మొదటి పది పేజీలూ తప్పు ఎవరిదని తగువు. తర్వాతి పది పేజీలు, బయటికి ఒప్పుకుంటే మిషన్‌కి అలుసైపోతామా లేదా అని. ఒకాయన, నేల సంగతైతే కోర్టులో నిలుస్తుంది, అదే పట్టుకుందాం అన్నాడు. ఇంకొకాయన, తండ్రి ఒప్పుకుని పంపిన పిల్ల కాబట్టి మనం కలగజేసుకోకూడదన్నాడు. ఒకావిడ రాసింది, పల్లెటూరి వాళ్ళు సరైన తెలుగులో రాసి ఉంటే ఈ గందరగోళం వచ్చేది కాదని.

ఉగాదికి ఇరవై రోజులు కూడా లేవు. ఈ ముప్ఫై పేజీల్లో రాజ్యం పేరు మూడుసార్లుంది, లెక్కపెట్టాను. అత్త చెవిలో ఆవిడ రాసిన ముక్క ఎలా చదవాలో తెలియక ఆగిపోయాను.

"ఏటైందే? సదువు."

చదివాను. అత్త ఆ పేజీ లాక్కుని గుండ్రంగా చుట్టి పొయ్యిలో దూర్చింది. "సరైన తెలుగు సరిగ్గా మండతంది సూడు" అంది. నవ్వుదామనుకుంది గానీ నవ్వు రాలేదు.

ఆ ముప్ఫై పేజీల్లో తగువు పడకుండా ఊరుకున్నది ఒక్కాయన. ఆ చంద్రమోహనే మార్చి మొదటి వారంలో బస్సు దిగాడు. పెదబాబు తోటలోకి తీసుకొచ్చి, "ఈపాలి ఈమెయిలు కాళ్ళతో నడిసొచ్చింది" అన్నాడు.

ముప్ఫై ఏళ్ళ మనిషి. కరీంనగర్ వైపు ఊరు. కూర్చోమన్నా కూర్చోలేదు. "మా దిక్కు గుంట అంటె జాగనే అమ్మా. చదువంగనె ఎవలో మీ భూమి గుంజుకున్నరనుకున్న. పన్నెండు ఊర్లల్ల అట్లనే అట్టలు రాయించిన. తప్పయింది."

అత్త ఆయన్ని కింది నుంచి పై దాకా చూసింది. "నేల కోసం రోడ్డెక్కినోల్లు మడిసి కోసం రారేటి బాబూ?"

"వస్తరు. నేను తీసుకొస్త. మీకింకో సంగతి చెప్పాలె." తల దించుకున్నాడు. "అందుల ఇంగ్లీషు మీడియం లేదు, ఏం లేదు. పొద్దు పొడిచినప్పటి నుంచి అగరుబత్తులు చుట్టుడే. మాట్లాడితె మోకాళ్ళ మీద. నాకెట్ల తెలుసంటె... నేను మోకాళ్ళేయించినోన్నే."

తిండి తింటున్న చేతులు ఆగిపోయాయి. ఒక కుర్రాడు కొడవలి పట్టుకుని లేచాడు. బంగార్రాజు వాణ్ణి కూర్చోబెట్టాడు.

"ఎందుకు సెప్పేవు బాబూ? సెప్పకపోతే మాకు తెలీదు గదా."

"ఏడేండ్లు చెప్పకుంటనే ఉన్న" అన్నాడు చంద్రమోహన్.

అత్త తన క్యారేజీ మూత తీసి అందులో గంజన్నం సగం పోసి ఆయన ముందు పెట్టింది. "కూకో. తిను. తిన్నాక సెప్పు, ఏటి సేద్దామో."

ఉగాదికి మూడు రోజుల ముందు, సోమవారం ఉదయం, పిల్లల్ని ఎక్కించుకుని వ్యాను బయల్దేరుతుందని తెలిసింది. ఆ రోజునే గేటు దగ్గర కూర్చోవాలనుకున్నాం. మిగిలిన ఊళ్ళలో కూడా అదే రోజు.

అప్పుడు మేనేజరు కబురంపాడు. ఆయన ఈ చుట్టుపక్కల వాడే. మా మాటా మా బాధా అన్నీ తెలిసినవాడు. మిషన్ పెద్ద స్వామివారి మనసు కరిగిందట. కాలవ పక్కన పది సెంట్ల నేల తాతబ్బాయికి రాసిస్తారట. తగువు తీరిపోయిందని ఒక కాగితం మీద వేలిముద్ర వేస్తే చాలట.

మర్నాడు తోటలో మీటింగు మీటింగులా జరగలేదు. తగువులా జరిగింది.

"తీసుకో తాతబ్బాయీ" అన్నాడు బంగార్రాజు. "ఆల్లు ఇస్తన్నది మన సెమటే. వద్దంటే ఆల్లకే మిగుల్తాది."

"మరి గుంటో?" అంది అత్త.

"గుంట కోసం తర్వాత కొట్లాడదాం. నేల కాయితం నేలదే, పిల్ల సంగతి పిల్లదే."

తాతబ్బాయి మావ ఎవరి వైపూ చూడకుండా మాట్లాడాడు. "మా తాత పరాయి గట్టు మీద సచ్చిపోయేడు. మా అయ్య పరాయి గట్టు మీద సచ్చిపోయేడు. పది సెంట్లంటే సిన్నదేటి? రాజ్యం బైటికొచ్చినాక ఎక్కడుంటాది? ఆ పూరిపాకలోనేనా?"

"కూతుర్ని అమ్ముకుని పాకేస్తావేటి?"

"అమ్ముకోడమేటే! నోరు జారకు!"

"నువ్వు ఏలు జార్సినావు. నేను నోరు జార్సితే తప్పొచ్చిందేటి?"

అందరూ చంద్రమోహన్ వైపు చూశారు. "నాకు ఊర్ల ఇల్లుంది, రెండెకరాలుంది" అన్నాడాయన. "నువ్వు జాగ తీసుకోవద్దని చెప్పెటందుకు నాకు నోరు వస్తలేదు."

ఆ రోజు నుంచి అత్త మావతో మాటాడ్డం మానేసింది. లోపల కూతురు మౌనం, బయట తల్లి మౌనం. మిషన్ వాళ్ళు మా ఊళ్ళో దీక్ష పూర్తిచేశారనిపించింది నాకు.

సోమవారం. నూటఇరవై మందిమి ఉన్నాం. వడ్డాది నుంచి, చీడికాడ నుంచి కూడా లోపలున్న పిల్లల తల్లులు వచ్చారు. కిషోర్ అన్నియ్య రాలేదు. మిగిలిన ఊళ్ళ కబుర్లు అందుకోవడానికి కంప్యూటర్ ముందే ఉండాలన్నాడు. బంగార్రాజు ఆరు ఖాళీ బళ్ళు తోలించుకొచ్చి గేటు ముందు నిలబెట్టాడు. "నేల తీసుకోమన్నాను గాని పిల్లని వొగ్గీమన్లేదు నేను" అన్నాడు అత్తతో.

తెల్లరంగు వేసిన ఇనుప గేటు. దాని పక్కన చిన్న పందిరి, బల్ల. బల్ల మీద కాగితం, ఇంకు ప్యాడు. గోడ అవతల వ్యాను ఇంజను వినపడుతోంది. పోలీసులు కూడా లోపలే ఉన్నారు.

"రావయ్యా తాతబ్బాయీ. శుభస్య శీఘ్రం" అన్నాడు మేనేజరు.

మావ వెళ్ళాడు. బొటనవేలు ప్యాడు మీద అద్దాడు. వేలు కాగితం దాకా వెళ్ళి ఆగింది.

"ఒకపాలి సదవండి బాబూ. కిందటిపాలి సదవకుండా ఏసేను."

"ఏముందయ్యా ఇందులో! నీకు పది సెంట్లు, మనకి తగువు లేదు. అంతే."

"మా ఇందు సదువుద్ది."

కాగితం నా చేతికొచ్చింది. నూటఇరవై మొహాలు నా వైపు తిరిగాయి. అలవాటు ప్రకారం అత్త చెవి దగ్గరికి వెళ్ళాను. అత్త తల పక్కకి తిప్పేసింది.

"నా సెవిలో కాదు. ఊరి సెవిలో సదువు."

"నాకు గొంతు రాదత్తా."

"వచ్చినోల్ల గొంతు ఆ గోడెనకాల కట్టీసేరు. నీది కట్టలేదు గదా. సదువు."

చదివాను. మొదటి వాక్యం నాకే వినపడలేదు. రెండో వాక్యానికి ఎవరో "గట్టిగమ్మా" అన్నారు. మళ్ళీ మొదటి నుంచి చదివాను.

"'తాతబ్బాయి అను నేను నా పూర్తి ఇష్టంతో రాసి ఇచ్చినది. గుంట విషయమై మిషన్ వారితో నాకు గల తగవు నేటితో తీరినది. ఇకమీదట గుంట మీద నాకు గానీ నా భార్యకు గానీ ఎట్టి హక్కూ లేదు. గుంటను మిషన్ వారు తమ ఇష్టప్రకారం వాడుకొనవచ్చును.'"

చివరి వాక్యం నేను మళ్ళీ చదవక్కర్లేకపోయింది. కాగితం మీద ఉన్నప్పుడు అది నేలలాగే ఉంది. నోటితో చదివేసరికి అందులోంచి రాజ్యం లేచి నిలబడింది.

మావ మెల్లగా అడిగాడు. "ఏ గుంట బాబూ?"

"అదేనయ్యా, నేల. అర్జీలో అలాగే ఉంది కదా."

"అర్జీ హైదరాబాదోల్లది. ఆల్లకి తెలీదు. నువ్వీ గడ్డ మీదోడివే గదా. మన్లో నేలని సెంట్లంటాం, ఎకరాలంటాం. మీయమ్మ నీ సెల్లిని ఏటని పిలుస్తాది బాబూ?"

మేనేజరు మాట్లాడలేదు.

"సెప్పు బాబూ. నువ్వూ మౌనంలో ఉన్నావేటి?"

జనంలో ఎవరో నవ్వారు. ఆ నవ్వు కోపంగా మారడానికి ఎంతోసేపు పట్టలేదు. మావ ఇంకు అంటిన వేలు పైకెత్తి గేటు దగ్గరికి నడిచాడు. ఆ తెల్ల ఇనుప రేకు మీద గట్టిగా నొక్కాడు. నల్లటి ముద్ర పడింది.

"ఈపాలి సదివించుకునే ఏసేను" అన్నాడు. "మా గుంటని మాకిచ్చీండి."

అత్త బల్ల మీద ప్యాడు లాక్కుంది. వారం రోజుల తర్వాత భర్త మొహంలోకి చూసింది, ఆయన ముద్ర పక్కనే తన ముద్ర వేసింది. తర్వాత వడ్డాది తల్లులు, చీడికాడ తల్లులు, బంగార్రాజు, ముఠా మొత్తం. చంద్రమోహన్ వచ్చి, "నేనెయ్యొచ్చునా?" అని అడిగాడు. "ఏలు లేదేటి నీకు?" అంది అత్త. సంతకం పెట్టడం వచ్చిన నేను కూడా వేలిముద్రే వేశాను. తెల్ల గేటు నల్లబడిపోయింది. కేకలు మొదలయ్యాయి. ఒక్కటే మాట. మా గుంటని మాకిచ్చీండి.

బంగార్రాజు చెయ్యి ఊపాడు. ఆరు బళ్ళ ఎడ్లనీ కాడి విప్పి పొలాల్లోకి తోలేశారు. బళ్ళు గేటుకి అడ్డంగా మిగిలాయి.

రాజ్యం బయటికొచ్చేసిందని ఇక్కడ రాయగలిగితే ఎంత బాగుండేది! రాలేదు. ఇది రాస్తున్న నాటికి మేం వేసిన కేసు నడుస్తూనే ఉంది. మా మీదా కేసులున్నాయి. ఆ రోజు తొమ్మిది ఊళ్ళలో జనం గేట్ల ముందు కూర్చున్నారని, మూడు ఊళ్ళవాళ్ళు మాటిచ్చి రాలేదని తర్వాత తెలిసింది. చెరుకు కొట్టే అక్కలకీ, కాలేజీల్లో చదువుకునే అన్నలకీ నేను చెప్పగలిగింది ఒకటే. మీ ముందు ఎవరైనా కాగితం పెడితే నోటితో పైకి చదవండి. నలుగురి మధ్య చదవండి. మనసులో చదువుకుంటే మోసం వినపడదు.

ఆ వ్యాను మాత్రం ఉత్తరాదికి వెళ్ళలేదు. అది కళ్ళారా చూశాను.

మేం కేకలేస్తుండగానే పోలీసులు లోపల్నుంచి తమ బండిని గేటు దాకా తెచ్చి గేటు తలుపులు తెరిచారు. ముందుగా అత్తని, మావని, చంద్రమోహన్ని పట్టుకున్నారు. కాగితం చదివిన పిల్ల ఇదేనని మేనేజరు నా వైపు వేలు చూపించాడు. నాతో కలిపి పదకొండు మందిని వెనకాల ఎక్కించారు. బండి కదలాలి. ఎదురుగా ఆరు బళ్ళు. ఎడ్లని తోలుకురమ్మని ఎస్సై బంగార్రాజు మీద కేకలేశాడు.

బంగార్రాజు నోటి మీద వేలేసుకుని తల అడ్డంగా ఊపాడు. మౌనంలో ఉన్నానని సైగ చేశాడు.

జనం గొల్లున నవ్వారు. బండి గేటు మధ్యలో ఇరుక్కుపోయింది. ముందుకు పోలేదు, గేటు మూయడానికీ లేదు. బండి వెనక భాగం లోపలి వాకిలి వైపుంది. వెనక తలుపు జాలీలోంచి చూశాను.

వ్యాను ఎక్కేవాళ్ళూ, సాగనంపేవాళ్ళూ కలిసి పధ్నాలుగు మందీ వరుసలో ఉన్నారు. మా కేకలు విని ఎవరో నోరు విప్పినట్టున్నారు. మాతాజీ వేలు కిందకి చూపిస్తోంది. ఒకమ్మాయి మోకరిల్లింది. ఆ పక్కమ్మాయి ఏదో అంది, ఆమె కూడా మోకరిల్లింది. వేలు ఒకరి తర్వాత ఒకరికి తిరుగుతోంది. ఎవరి వైపు తిరిగితే వాళ్ళు మోకరిల్లుతున్నారు, కానీ మాట ఆపడం లేదు. అమ్మల పేర్లు, ఊళ్ళ పేర్లు వినపడుతున్నాయి.

చివర్లో ఉన్నది రాజ్యం. నన్ను చూసింది.

"ఒసే ఇందూ! మాయమ్మ ఎలాగుందే?"

కానిస్టేబుల్ లాఠీతో జాలీ మీద కొట్టి, "నోర్మూసుకో" అన్నాడు. నేను రెండు చేతులా జాలీ పట్టుకుని అరిచాను. నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు.

"బాగుందే! మీయమ్మ నా పక్కనే ఉంది! పోలీసు బండిలో ఉంది! మీ నాన్న కూడా ఉన్నాడే!"

మాతాజీ వేలు రాజ్యం వైపు తిరిగింది. అది మోకరిల్లింది. మోకాళ్ళ మీద నుంచే ఇంకేదో అడిగింది. నేను మళ్ళీ జవాబు చెప్పాను.

బండి కదల్లేదు. ఎడ్లు పొలంలో చెరుకాకు మేస్తున్నాయి.